బోర్డు తీర్మానాన్ని కమిటీ మార్చాలనుకుంటే: చర్చి సంఘ కమిటీలకు పద్ధతి

బోర్డు ఆమోదించిన తీర్మానంలో ఒక్క మాటైనా మార్చే అధికారం కమిటీకి లేదు. మార్చమని బోర్డును అడిగే హక్కు మాత్రం ఉంది. బిల్డింగ్ కమిటీకీ సంఘ పెద్దలకూ మధ్య తగాదా మొదలయ్యేది చాలాసార్లు ఈ తేడా దగ్గరే. డబ్బు తిన్నారని ఎవరూ అనరు, "మమ్మల్ని అడక్కుండా ఎట్టా మారుస్తారు?" అంటారు. అడగడానికి ఒక పద్ధతి ఉంది. నోటీసు, ఓట్ల లెక్క, మినిట్స్ సరిగ్గా ఉంటే మిగతాది సులభంగా గడిచిపోతుంది.

ముందు ఎవరి మాట పైదో తేల్చుకోవాలి. బాప్టిస్టు సంఘాల్లో సభ్యులందరూ కూర్చునే సంఘ కూడికదే పైమాట. దానికింద పెద్దల బోర్డు, బోర్డు కింద కమిటీలు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో బోర్డు స్థానంలో పాస్టరేట్ కమిటీ ఉంటుంది, దానిపైన డయోసిస్ (బిషప్ కింది ప్రాంతం) నియమాలుంటాయి. లూథరన్ సంఘాలకు సినడ్ (సంఘాల ఉమ్మడి పైసభ) నియమాలు. మీ సంఘం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద రిజిస్టరై ఉంటే ఆ చట్టమూ, అక్కడ దాఖలు చేసిన బైలాసూ (సంఘం సొంత నిబంధనలు) అన్నిటికంటే ముందు చూసుకోవాలి. ఇవేవీ చెప్పనిచోటే కింద చెప్పే సాధారణ సభా నియమాలు వర్తిస్తాయి. ఇవి ఎక్కువగా 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్' నుంచి వచ్చినవి. ఇది అసెంబ్లీ గొడవ, చర్చికెందుకు అనేవాళ్ళకు ఒక్క మాట: హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు 1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫోర్డ్ బాప్టిస్టు చర్చిలో ఒక సమావేశానికి అధ్యక్షత వహించి, దాన్ని అదుపులో పెట్టలేక తలవంపులు పడ్డాడు. ఆ తర్వాతే ఈ నియమాల వెంటపడి 1876లో పుస్తకం అచ్చువేశాడు.

ఈ వరసలో కిందివాళ్ళు పైవాళ్ళ నిర్ణయాన్ని మార్చలేరు. సంఘ కూడిక ఆమోదించిన తీర్మానమైతే దాన్ని బోర్డు కూడా ముట్టుకోకూడదు. అందుకే కమిటీ మొదట చేయాల్సిన పని మినిట్స్ పుస్తకం తెరిచి, ఆ తీర్మానం బోర్డుదా, సంఘ కూడికదా అని చూడటం. చాలా సంఘాల్లో రెంటికీ ఒకటే పుస్తకం వాడతారు కాబట్టి పైనున్న శీర్షిక, హాజరు పట్టిక చూస్తే గాని తెలియదు. పాస్టరు గారు సరేనన్నారు అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. అయ్యగారు బోర్డుకు అధ్యక్షులే అయినా ఒక్కరుగా ఇచ్చిన అనుమతి బోర్డు అనుమతి కాదు. ఆయన్ని అట్లా ఇరికించడమూ న్యాయం కాదు.

రెండు రకాల అప్పగింత

ఒకే మాటతో "కమిటీకి ఇచ్చాం" అంటారు గానీ అందులో రెండు రకాలున్నాయి.

మొదటిది, తీర్మానం ఇంకా ఆమోదం కాకుండానే పరిశీలనకు పంపడం. "నేల పని సంగతి బిల్డింగ్ కమిటీ చూసి వచ్చే నెల చెప్పాలి" అన్నారంటే బోర్డు ఇంకా ఏమీ నిర్ణయించలేదు. కమిటీ సవరణలు సూచించవచ్చు, పూర్తిగా తిరగరాసిన ముసాయిదానే తేవచ్చు. బోర్డు దాన్ని మామూలు మెజారిటీతో ఆమోదిస్తుంది. ముందు నోటీసు అక్కర్లేదు. ఇక్కడ కూడా అసలు ప్రతిని కమిటీ దిద్దకూడదు. ఏ మాటలు తీసేయాలి, వాటి స్థానంలో ఏవి పెట్టాలి అన్నది వేరే కాగితం మీద రాసి తేవాలి.

రెండోది, ఆమోదించిన తీర్మానాన్ని అమలుకు అప్పగించడం. బోర్డు మాట పూర్తయింది, కమిటీ చేయాల్సింది పని. మార్పు కావాలంటే "ఇదివరకు ఆమోదించిన తీర్మానానికి సవరణ" అనే దారిలోనే రావాలి, దానికి ఓట్ల లెక్క వేరు. గొడవలన్నీ ఈ రెండోదాన్ని మొదటిదనుకోవడం వల్లే.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. పదకొండు మంది ఉన్న బోర్డు 13.07.2025న ఇలా తీర్మానించిందనుకోండి: "మందిరము లోపల 2,400 చదరపు అడుగుల నేలకు విట్రిఫైడ్ టైల్స్ వేయించుటకు, కూలీతో కలిపి రూ.3,00,000 మించకుండా, బిల్డింగ్ కమిటీకి అప్పగించడమైనది." కమిటీవాళ్ళు టైల్స్ చూడ్డానికి ఒంగోలు వెళ్ళారు, పక్కనే కదా అని చీమకుర్తి కూడా వెళ్ళారు. నల్ల గ్రానైట్ చూశాక మనసు మారింది. అంతా కలిపి నాలుగు లక్షలవుతుందన్నారు. "ఏముందిలే అన్నా, ఇంకో లక్షేగా, పది కాలాలుంటది" అని అడ్వాన్సు ఇచ్చి వచ్చేయడానికి అది సరిగ్గా అనువైన ఘడియ. ఆగాల్సిందీ అప్పుడే.

ఏది మార్పు, ఏది కాదు

తీర్మానంలో రాసి ఉన్న వస్తువు, మొత్తం, చోటు, తేదీ, మనిషి పేరు: వీటిలో ఏది మారినా అది తీర్మానం మారినట్టే. తీర్మానం చెప్పకుండా వదిలేసినవి కమిటీ చూసుకోవచ్చు. పై తీర్మానంలో టైల్స్ రంగు, కంపెనీ, సైజు, ఏ షాపు, ఏ మేస్త్రి, పని వారం మధ్యలో చేయాలా, ఆరాధన ఆపకుండా సగం సగం చేయాలా అన్నవి లేవు. కాబట్టి అవి కమిటీ ఇష్టం. 2,80,000కే తెమిలితే ఎవరినీ అడగనక్కర్లేదు, "మించకుండా" అన్నారు గనక. మిగిలిన ఇరవై వేలతో వరండా కూడా చేయిద్దామంటే మాత్రం కుదరదు, తీర్మానం "మందిరము లోపల" అంది.

క్రిస్మస్ కమిటీలకూ ఇదే కొలత. మూడు రాత్రుల సువార్త సభలకు బోర్డు ప్రసంగీకుడి పేరు రాసి ఆమోదించి ఉంటే, ఆయన రాలేనన్నప్పుడు కమిటీ మరొకరిని పిలవలేదు. పేరు రాయకుండా "తగిన ప్రసంగీకుని" అని ఉంటే నిక్షేపంగా పిలుచుకోవచ్చు. షామియానా ఎవరిదో, సౌండ్ సిస్టమ్ ఎవరిదో ఏ బోర్డూ రాయదు, రాయకూడదు కూడా.

బోర్డుకు తిరిగి వెళ్ళే దారి

ముందు కమిటీ కూర్చోవాలి. కమిటీ కోరం, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, సగం కంటే ఎక్కువమంది. ఐదుగురి కమిటీకి ముగ్గురు, ఏడుగురి కమిటీకి నలుగురు. అక్కడ మెజారిటీతో తేలిందే కమిటీ సిఫారసు. కన్వీనరు ఒక్కరే చీమకుర్తి వెళ్ళి వచ్చి రాసినది కాదు. కమిటీకి చిన్న వెసులుబాటు ఉంది: కూర్చోవడం నిజంగా వీలుకాకపోతే ప్రతి సభ్యుడినీ విడివిడిగా అడిగి, అందరికందరూ ఒప్పుకున్న విషయాన్ని నివేదికలో పెట్టవచ్చు. ఒక్కరు కాదన్నా కూర్చోవాల్సిందే.

సిఫారసును తీర్మానం భాషలో రాయాలి. "గ్రానైట్ అయితే బాగుంటుందని కమిటీ భావిస్తోంది" అని తెస్తే బోర్డు దానిమీద గంటసేపు మాట్లాడి, ఏం ఆమోదించిందో ఎవరికీ తెలియకుండా లేస్తుంది. ఏ తేదీ, ఏ నంబరు తీర్మానంలో, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో చెప్పాలి. మార్పు వెంట వచ్చే చిల్లర మార్పులన్నీ అందులోనే ఉండాలి. మన ఉదాహరణలో టైలు మందం పది మిల్లీమీటర్ల లోపు, గ్రానైట్ పలక పదహారు నుంచి ఇరవై దాకా ఉంటుంది. నేల ఆ మేరకు లేస్తే తలుపుల అడుగు కోయాలి, గుమ్మం దగ్గర ఎత్తు సరిచేయాలి, పుల్పిట్ మెట్టు తగ్గుతుంది. వడ్రంగి కూలీ నాలుగు లక్షల్లో ఉందా లేదా అన్నది అప్పుడే రాసుకోకపోతే నెల తిరక్కుండా మళ్ళీ సవరణకు రావాలి. రెండోసారి వచ్చేసరికి బోర్డులో మొదట ఒప్పుకున్నవాళ్ళు కూడా చిరాకు పడతారు.

తర్వాత నోటీసు. ఇది రెండు రకాలుగా ఇవ్వవచ్చు. ముందు నెల బోర్డు మీటింగులోనే నోటితో చెప్పి మినిట్స్‌లో రాయించడం ఒకటి, రాబోయే మీటింగు నోటీసులో అజెండాతోపాటు రాసి సభ్యులందరికీ పంపడం ఇంకొకటి. ఎన్ని రోజుల ముందు అన్నది మీ బైలాస్‌లో చూడండి. నోటీసులో "నేల పని గురించి" అంటే చాలదు, ఏది ఎంతకు మారుతుందో ఉండాలి:

"ది. 13.07.2025 నాటి తీర్మానం 4లో విట్రిఫైడ్ టైల్స్ బదులు చీమకుర్తి నల్ల గ్రానైట్ అనియు, రూ.3,00,000 బదులు రూ.4,00,000 అనియు సవరించుటకు ప్రతిపాదన వచ్చును."

అంకె రాయడానికి కారణముంది. మూడు నుంచి నాలుగు లక్షలని నోటీసు ఇచ్చాక, చర్చలో ఎవరైనా మూడున్నర అంటే అది నోటీసు పరిధిలోనే ఉంది. నాలుగున్నర అంటే పరిధి దాటినట్టు, ఆ నోటీసు ఇక పనికిరాదు. నోటీసు ఇవ్వని సవరణకు ఎన్ని ఓట్లు కావాలో అన్నీ కావాల్సి వస్తుంది. కొటేషన్ రాకముందే తొందరపడి నోటీసు ఇస్తే జరిగేది ఇదే.

ఓట్ల లెక్క

ఆమోదించిన తీర్మానాన్ని సవరించాలన్నా రద్దు చేయాలన్నా మూడింటిలో ఏదో ఒకటి కావాలి. ముందు నోటీసు ఉంటే పడిన ఓట్లలో సగానికి మించి చాలు. నోటీసు లేకపోతే పడిన ఓట్లలో మూడింట రెండొంతులు కావాలి, లేదా హాజరుతో సంబంధం లేకుండా బోర్డు మొత్తం సభ్యుల్లో సగానికి మించి కావాలి.

పదకొండు మంది బోర్డులో ఎనిమిది మంది వచ్చారు, ఐదుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. నోటీసు ఉంటే సవరణ నెగ్గింది. లేకపోతే వీగింది: ఎనిమిదిలో మూడింట రెండొంతులంటే ఆరు ఓట్లు కావాలి, పదకొండులో సగానికి మించి అన్నా ఆరే. అదే ఎనిమిది మందిలో ఐదుగురు అవును, ఇద్దరు కాదు, ఒకరు మౌనం అయితే నోటీసు లేకపోయినా నెగ్గుతుంది. పడిన ఓట్లు ఏడే, ఏడుకు ఐదు సరిపోతాయి. ఓటు వేయనివారిని కాదన్నవారి కింద కలిపే అలవాటు మన సంఘాల్లో ఉంది, అది తప్పు. పదకొండు మందీ వచ్చి ఆరు, ఐదుగా చీలితే నోటీసు లేకున్నా సవరణ నెగ్గుతుంది. మూడింట రెండొంతులు రాలేదుగా అని అధ్యక్షుడు కొట్టేయకూడదు, మొత్తం సభ్యుల్లో మెజారిటీ వచ్చేసింది. ఇంత తక్కువ తేడాతో నెగ్గితే పని ఎంత సాఫీగా సాగుతుందన్నది వేరే సంగతి. నోటీసు ఇచ్చి, వచ్చే నెల దాకా మాట్లాడుకోనివ్వడమే మేలు.

ఇది నెలల తర్వాత వచ్చే మార్పు సంగతి. తీర్మానం పాసైన మీటింగులోనే, లేచేలోపు ఎవరికైనా తప్పు తోస్తే సవరణ దాకా పోనక్కర్లేదు, పునఃపరిశీలన కోరవచ్చు. కోరేవారు మాత్రం నెగ్గిన పక్షాన ఓటు వేసినవారై ఉండాలి. దానికి మామూలు మెజారిటీ చాలు.

కమిటీ నివేదికను బోర్డులో చదివేవారు చివర "కమిటీ తరఫున ఈ సవరణ ప్రతిపాదిస్తున్నాను" అనాలి. ఒకరికి మించిన కమిటీ అయితే బలపరిచేవారు అక్కర్లేదు. ఒక చిక్కు: బిల్డింగ్ కమిటీలో సంఘంలోని ఇంజనీరునో, రిటైరైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారినో వేస్తారు, ఆయన బోర్డు సభ్యుడు కాకపోవచ్చు. ఆయన నివేదిక చదవవచ్చు, అడిగినదానికి జవాబు చెప్పవచ్చు, ప్రతిపాదించలేరు, ఓటు వేయలేరు. ప్రతిపాదన బోర్డు సభ్యుడెవరైనా చేయాలి. ముందే ఒకరితో మాట్లాడి పెట్టుకోండి. గ్రానైట్ అమ్మేవారో మేస్త్రో బోర్డు సభ్యుడి బావమరిది అయితే ఆ సభ్యుడు ఓటుకు దూరంగా ఉండటం మర్యాద.

వాట్సాప్ గ్రూపులో "గ్రానైట్‌కు అందరూ ఓకేనా" అని పెడితే వచ్చే బొటనవేళ్ళు ఓట్లు కావు. బోర్డు కూర్చున్నప్పుడే బోర్డు. ఫోన్లో ఒక్కొక్కరిని అడిగినా అంతే. కమిటీకున్న వెసులుబాటు బోర్డుకు లేదు, బైలాస్ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప. ఆ మాటలు నమ్ముకుని అడ్వాన్సు ఇచ్చిన కమిటీకి తర్వాత అదే గ్రూపులోని ఓకేలు ఒక్కొక్కటిగా మాయమవడం కనిపిస్తుంది.

అప్పటికే ఖర్చయిపోతే

అయిపోయిన పనిని ఏ ఓటూ వెనక్కి తిప్పలేదు, మిగిలిన పనినే సవరించగలం. సగం నేల టైల్స్ వేసేశాక సవరణ వస్తే అది రెండో సగానికే వర్తిస్తుంది, ఆ మాట తీర్మానంలో రాయాలి. మేస్త్రితో అగ్రిమెంటు రాసుకుని ఉంటే ముందు ఆయనతో తేల్చుకోండి. బోర్డు తన తీర్మానం మార్చుకున్నంత మాత్రాన ఆయన హక్కు పోదు.

కమిటీ అడక్కుండా ఖర్చుపెట్టేసిందనుకోండి. బోర్డు ఆ పనిని తర్వాత ఆమోదించి తనదిగా చేసుకోవచ్చు, దాన్నే రాటిఫై చేయడం అంటారు. బోర్డుకు ముందుగా ఏ అధికారం ఉందో ఆ మేరకే రాటిఫై చేయగలదు. సంఘ కూడిక పెట్టిన పరిమితి దాటి ఉంటే సంఘ కూడికకే పోవాలి. బోర్డు కాదంటే ఆ లక్ష భారం ఖర్చుపెట్టినవాళ్ళ మీద పడే ప్రమాదం ఉంది.

మన తీరంలో ఒక సందర్భంలో మాత్రం ఆగమనడం సబబు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. రాత్రికి రాత్రి రేకులు లేచిపోయి బల్లలు, బైబిళ్ళు తడుస్తుంటే బోర్డు మీటింగుకు నోటీసు ఇస్తూ కూర్చోరు. టార్పాలిన్లు కప్పించండి, రేకులు బిగించండి, బిల్లులు దాచండి, వీలైనంత త్వరగా బోర్డు పిలిచి రాటిఫికేషన్ అడగండి. అదే ఊపులో రేకుల స్థానంలో స్లాబ్ మొదలుపెడితే అది అత్యవసరం కాదు, అవకాశం చూసుకోవడం. స్లాబ్ వేయాలని ముందే అనుకునే సంఘాలు సవరణలన్నీ ఆగస్టు లోపు తెముల్చుకుంటే మంచిది. నెలకొకసారి కూర్చునే బోర్డులో నోటీసుకు ఒక నెల, ఓటుకు ఒక నెల పోతాయి, మూడో నెలకు వానలు పడతాయి.

మినిట్స్‌లో ఎలా రాయాలి

పాత మినిట్స్‌లో అక్షరం కూడా కొట్టేయకూడదు, వైట్‌నర్ పూయకూడదు. టైల్స్ అని ఉన్నచోట గ్రానైట్ అని దిద్దితే, ఆ రోజు జరగనిది జరిగినట్టు రాసినవాళ్ళవుతారు. సవరణ కొత్త తేదీన, కొత్త నంబరుతో వస్తుంది:

"ది. 14.09.2025. తీర్మానం 7. బిల్డింగ్ కమిటీ సిఫారసుపై చర్చించి, ది. 13.07.2025 నాటి తీర్మానం 4లో 'విట్రిఫైడ్ టైల్స్' అను మాటలకు బదులు 'చీమకుర్తి నల్ల గ్రానైట్' అనియు, 'రూ.3,00,000' బదులు 'తలుపులు కోయించు ఖర్చుతో సహా రూ.4,00,000' అనియు సవరించుటకు తీర్మానించడమైనది. ముందస్తు నోటీసు ది. 10.08.2025 సమావేశములో ఇవ్వబడినది. హాజరు 8. అనుకూలం 5, వ్యతిరేకం 3."

నోటీసు తేదీ, ఓట్ల అంకెలు రెండూ ఉండాలి. "మెజారిటీతో ఆమోదించడమైనది" అని మాత్రమే రాస్తే, ఏడాది తర్వాత ఎవరైనా ప్రశ్నించినప్పుడు ఐదు, మూడు ఓట్లు సరిపోయాయని చూపించే ఆధారం ఉండదు. ఏకగ్రీవం కానిదాన్ని మర్యాద కోసం ఏకగ్రీవమని రాయకండి, కాదన్న ముగ్గురూ ఆ పేజీ చదువుతారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాల్సివస్తే బ్యాంకు అడిగేది ఈ తీర్మానం నకలే. ఆడిటరు బిల్లు పక్కన పెట్టి చూసేదీ ఇదే. గ్రానైట్ బిల్లుకు టైల్స్ తీర్మానం జతచేస్తే ట్రెజరర్‌కు జవాబు ఉండదు.

బోర్డులు కూడా మొదటే కాస్త చోటు వదలాలి. "రూ.3,00,000, పది శాతం హెచ్చుతగ్గులకు లోబడి, వస్తువు ఎంపిక కమిటీకి వదిలి" అని రాసి ఉంటే ఈ తతంగంలో సగం తప్పేది. "పూర్తి అధికారంతో" అని మాత్రం అలవాటుగా రాయకండి. బోర్డు తన అధికారాన్ని కమిటీకి ధారపోయడానికి బైలాస్ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా మొత్తానికి ఒక హద్దు పెట్టాలి.

కమిటీ పని చేయకుండా, నివేదికా ఇవ్వకుండా నెలలు గడిపితే బోర్డు ఆ పనిని వెనక్కి తీసుకోవచ్చు. ఓట్ల లెక్క సవరణకు చెప్పినదే. నివేదిక ఇమ్మన్న గడువు దాటిపోయి ఉంటే మామూలు మెజారిటీ చాలు.

ఒక్క పని కోసం వేసిన కమిటీ తుది నివేదిక బోర్డుకు ఇవ్వగానే రద్దవుతుంది. నివేదికలో అయిన ఖర్చు, మిగిలిన డబ్బు, మిగిలిన పలకలు ఎన్ని, ఎక్కడ పెట్టారు అన్నవి ఉండాలి. ఆ మిగిలిన పలకలు బయట మెట్లకు వేయిద్దామని అప్పుడు అందరికీ తోస్తుంది. అప్పటికి ఆ కమిటీ లేదు, దానికి కొత్త తీర్మానం కావాలి.